పళ్ల క్లిప్పుల చికిత్స: సహాయకుల ఉద్యోగాలు సరిహద్దు పిల్లలకు ఏ మేరకు అందుతాయి?

పదవ తరగతి, పి.యు.సి. ఫలితాలు వెలువడగానే సరిహద్దు పట్టణాల బస్టాండు గోడల మీద కొత్త కాగితాలు వెలుస్తాయి. బళ్లారి, సిరుగుప్ప, పావగడ, బాగేపల్లి, చింతామణి, ఎక్కడ చూసినా ఇదే వరుస. నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్, డయాలిసిస్ వంటి పాత పేర్ల సరసన ఇటీవలి కాలంలో 'డెంటల్ అసిస్టెంట్', 'ఆర్థోడాంటిక్ అసిస్టెంట్' అనే పేర్లు కూడా చేరాయి. కొద్ది నెలల శిక్షణ, తప్పనిసరి ఉద్యోగం, ఆపైన విదేశీ అవకాశం అన్నది వాటి సారాంశం. రుసుము ఎంతో మాత్రం కాగితం మీద ఉండదు. ఫోను చేస్తేనే చెబుతారు.

ఇటువంటి ప్రకటన చేత పట్టుకుని, కట్టమంటారా వద్దంటారా అని ఉపాధ్యాయులను అడిగే తల్లిదండ్రులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ డబ్బు చాలా ఇళ్లలో బంగారం కుదువ పెట్టి గాని, పాడి పశువును అమ్మి గాని తెచ్చేది. కనుక విషయాన్ని కాస్త నిదానంగా పరిశీలించడం అవసరం. ముందుగా చెప్పవలసినది ఇది: పళ్ల వైద్యశాలలో సహాయకుల పని నిజంగానే ఉంది, పెరుగుతోంది కూడా. కాని 'ఆర్థోడాంటిక్ అసిస్టెంట్' అనే పేరుకు మన దేశంలో ప్రత్యేకమైన రిజిస్టరు గాని, చట్టం ఇచ్చిన హోదా గాని లేవు. పని నేర్చుకోవడానికి కష్టపడవచ్చు. పేరు కొనుక్కోవడానికి అప్పు చేయరాదు.

కుర్చీ పక్కన జరిగే పని

ఎత్తుపళ్లను, వంకర పళ్లను, పళ్ల నడుమ సందులను, పై దవడా కింది దవడా సరిగా కలవని స్థితిని చక్కదిద్దే వైద్య విభాగమే ఆర్థోడాంటిక్స్. జనం నోట అది 'క్లిప్పులు వేయించుకోవడం'. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పళ్ల అమరిక లోపాలను మూడు తరగతులుగా విభజించారు. ఈనాటికీ కేసు షీటు మీద వైద్యులు 'క్లాస్ టూ' అని రాసుకునేది ఆ విభజన ప్రకారమే. మన దేశంలో ఈ విభాగపు నిపుణులు బి.డి.ఎస్. ఐదేళ్లు, ఆ తరువాత ఎం.డి.ఎస్. మూడేళ్లు చదివినవారు.

పిప్పి పన్ను పీకించుకునే మనిషి ఒకసారి వచ్చి వెళ్లిపోతాడు. క్లిప్పుల చికిత్స అలా తీరేది కాదు. సాధారణంగా ఏడాదిన్నర నుండి రెండేళ్లు పడుతుంది. నాలుగు నుండి ఆరు వారాలకొకసారి తీగ మార్చడానికో, బిగించడానికో రావలసి ఉంటుంది. అనగా ఒక్కొక్క రోగి ఇంచుమించు ఇరవై మార్లు ఆ కుర్చీలో కూర్చుంటాడు. సహాయకుల అవసరమంతా ఈ లెక్కలోనే ఇమిడి ఉంది. వైద్యుడు ఒక రోగి వద్ద గడిపేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలకు ముందూ వెనుకా జరిగే పని చాలా వరకు సహాయకులదే.

ఆ పని ఎటువంటిదో తల్లిదండ్రులకు తెలియాలి. తొలి రోజున ముఖం, పళ్లు ఫొటోలు తీయడం, ఆల్జినేట్ పొడిని నీటితో కలిపి ట్రేలో పోసి అచ్చు తీయడానికి సిద్ధం చేయడం, ఆ అచ్చులో రాతిపిండి పోసి నమూనా చేయడం. క్లిప్పులు అతికించే రోజున పెదవులు, బుగ్గలు తెరిచి ఉంచే పరికరం అమర్చి, లాలాజలాన్ని గొట్టంతో లాగుతూ పన్ను తడి కాకుండా చూడడం. పంటి మీద 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లపు జెల్ పూసి కడిగిన తరువాత ఒక్క చుక్క ఉమ్మి తగిలినా క్లిప్పు నిలవదు. కనుక ఇక్కడ సహాయకురాలి చేయి ఎంత నిబ్బరంగా ఉంటే వైద్యుని పని అంత నిలుస్తుంది. నెలనెలా వచ్చినప్పుడు ఏ తీగ వేశారు, ఏ రబ్బరు మార్చారు అన్నది కార్డులో రాయడం, వాడిన పనిముట్లను తోమి, సంచులలో కట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిర్ణీత సమయం ఉంచి తీయడం నిత్యకృత్యం. వినడానికి ఇది ఇంటిపనిలా తోచవచ్చు. కాని ఒక రోగి రక్తం తగిలిన పనిముట్టు శుద్ధి కాకుండా మరొకరి నోటికి పోతే కామెర్లు సంక్రమించే ప్రమాదం ఉన్నదని గుర్తుంచుకుంటే, ఆ గది మూలన నిలబడిన మనిషి బాధ్యత ఎంతో తెలుస్తుంది.

మన ప్రాంతానికే చెందిన సంగతి మరొకటి ఉంది. పావగడ, బాగేపల్లి, కోలారు, అటువైపు అనంతపురం, ఇవన్నీ బోరు నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్న ప్రాంతాలు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. అంతకు మించిన నీరు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమరంగు మరకలు, గుంటలు మన తరగతి గదులలో కొత్త కాదు. అటువంటి పింగాణీ మీద క్లిప్పు గట్టిగా పట్టదు, ఊడిపోవడం ఎక్కువ. ఆమ్లం పూయడంలోను, అంటించే పదార్థాన్ని ఎంచుకోవడంలోను వైద్యుడు అదనపు జాగ్రత్త తీసుకోవలసి వస్తుంది. మళ్లీ మళ్లీ అతికించవలసి వస్తుంది. ఏ ఊరి పిల్ల, ఏ నీరు తాగింది అని అడిగి ముందే గుర్తించగల సహాయకులు ఇక్కడి వైద్యశాలకు ఎంత ఉపయోగమో పుస్తకాలలో రాసి ఉండదు. మరొక మాట: ఫ్లోరైడు మరకలు క్లిప్పులతో పోవు. పోతాయని ఎవరైనా చెప్పి డబ్బు తీసుకుంటే ఆ వైద్యశాలలో చికిత్సకు గాని, కొలువుకు గాని పోకపోవడం మంచిది.

తిండి గురించి చెప్పడం కూడా సహాయకుల వంతే. క్లిప్పులున్నంత కాలం గట్టి చెక్కలు, మురుకులు, చెరుకు, ఎండు కొబ్బరి, వేరుశనగ చిక్కీ కొరకరాదు. జామకాయను ముక్కలుగా కోసుకోవాలి. ఆరిపోయి బిరుసెక్కిన జొన్నరొట్టెను పాలలోనో పప్పులోనో నాననివ్వాలి. ఈ మాటలు ఇంగ్లీషు కరపత్రంలో ఉంటే తల్లికి అందవు. ఆమె భాషలో, ఆమె వంటింటి పేర్లతో చెబితేనే అందుతాయి. సరిహద్దు పిల్లలకు ఈ ఉద్యోగంలో గల సహజమైన అనుకూలత ఇదే. దాని గురించి మరికొంత తరువాత చెబుతాను.

సహాయకులు చేయరాని పనులూ ఉన్నాయి. క్లిప్పు ఎక్కడ అతికించాలి, తీగ ఎంత వంచాలి, పన్ను తీయించాలా వద్దా, ఇవి వైద్యుని నిర్ణయాలు. వైద్యుడు లేని పూట, 'నీకు తెలుసు కదా, నువ్వే బిగించి పంపించు' అనే యజమాని వద్ద పని చేసేవారు చిక్కుల్లో పడతారు. దంతవైద్యుల చట్టం 1948 నాటిది. రిజిస్ట్రేషను లేకుండా దంతవైద్యం చేయడాన్ని అది నేరంగానే పరిగణించింది.

గిరాకీ నిజమే, కాని ఎక్కడ?

దేశంలో దంతవైద్య కళాశాలలు 300కు పైగా ఉన్నాయి. బి.డి.ఎస్. సీట్లు పాతిక వేలు దాటాయి. ఈ కళాశాలలలో పెద్ద వాటా కర్ణాటకదే. రాయచూరు, బళ్లారి, కోలారు బంగారు గనుల వంటి సరిహద్దు పట్టణాలలో సైతం అవి ఉన్నాయి. అటు కర్నూలు, కడపలలోనూ ఉన్నాయి. చదివి బయటికి వచ్చిన వైద్యులు తాలూకా కేంద్రాలలో సైతం కుర్చీ వేసుకుంటున్నారు. పాతికేళ్ల క్రితం పళ్ల నొప్పి వస్తే జిల్లా కేంద్రానికి బస్సు ఎక్కవలసిన ఊళ్లలో నేడు రెండు మూడు బోర్డులు కనిపిస్తున్నాయి. ప్రతి కుర్చీకి కనీసం ఒక సహాయకుడో సహాయకురాలో కావాలి. ఇంతవరకు ప్రకటనలు చెప్పేది సరైనదే.

అయితే చిన్న పట్టణంలో క్లిప్పుల నిపుణుడు స్థిరంగా కూర్చునే వైద్యశాల అరుదు. సాధారణ దంతవైద్యుడు వైద్యశాల నడుపుతాడు. క్లిప్పుల నిపుణుడు నెలకు ఒకటి రెండు మార్లు, బళ్లారి నుండో బెంగళూరు నుండో వచ్చి, ఆ రోజుకు కూడబెట్టిన రోగులనందరినీ చూసి వెళతాడు. కాబట్టి 'ఆర్థోడాంటిక్' పని అక్కడ నెలకు రెండు రోజులది. తక్కిన రోజులు పిప్పి పళ్లు, గార తీయడం, కట్టుడు పళ్లు. ఆ ఒక్క విభాగంలోనే శిక్షణ పొందామని వెళ్లినవారికి తక్కిన ఇరవై ఎనిమిది రోజులు ఏమి చేయాలన్న ప్రశ్న ఎదురవుతుంది. యజమాని కోరేది అన్ని పనులూ తెలిసిన మనిషిని. క్లిప్పులకే పరిమితమైన కొలువులు బెంగళూరు, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలలోని పెద్ద వైద్యశాలలలోనే దొరుకుతాయి. అక్కడ గది అద్దె, భోజనం ఖర్చు పోగా మిగిలేదెంత అన్నది వేరే లెక్క.

ప్రకటనలలో కానరాని అంశం మరొకటి ఉంది. అది వైద్యుల మిగులు. ఏటా ఇన్ని వేలమంది బి.డి.ఎస్. పట్టభద్రులు వస్తున్నప్పుడు వారందరికీ సొంత వైద్యశాల పెట్టే స్తోమత ఉండదు. పెద్ద వైద్యశాలలలో తక్కువ జీతానికి చేరి, పెద్ద వైద్యుని పక్కన నిలబడి సహాయకుల పని చేసే యువ వైద్యులు అనేకులున్నారు. ఐదేళ్లు చదివినవారే తక్కువకు దొరుకుతుంటే, ఆరు నెలల పత్రం చూపినవారికి జీతం పెంచవలసిన ఒత్తిడి యజమానికి ఏముంటుంది? చిన్న పట్టణాల కొలువులలో జీతం మందుల దుకాణం, బట్టల దుకాణం ఇచ్చేదానికి అటుఇటుగా మొదలై, ఏళ్ల తరబడి అక్కడే మెల్లగా కదలడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

సాంకేతికత కూడా ఈ పనిని మార్చుతోంది. 1997లో అమెరికాలో స్థాపితమైన అలైన్ టెక్నాలజీ సంస్థ తీగకు బదులు పారదర్శకమైన తొడుగుల విధానాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడు మన నగరాలలోనూ వాటికి ఆదరణ ఉంది. తొడుగుల పద్ధతిలో అచ్చు తీయడం, రాతిపిండి పోయడం తగ్గి, నోటిలో చిన్న కెమెరా తిప్పి స్కాను తీయడం, దానిని కంప్యూటరులో సరిచూచి పంపడం పెరుగుతాయి. స్కానరు వాడడం నేర్చినవారికి గిరాకీ పెరుగుతుంది. పాత పని మాత్రమే తెలిసినవారికి అది తగ్గుతుంది. ఇక వైద్యుని ప్రమేయం తగ్గించి నేరుగా ఇంటికే తొడుగులు పంపే సంస్థల కొలువులను నమ్ముకోరాదు. అమెరికాలో ఆ తరహా వ్యాపారంలో అగ్రగామిగా వెలిగిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషను వేసి, డిసెంబరు నాటికి పూర్తిగా మూతబడింది.

చట్టం గుర్తించిన తలుపులు

1948 చట్టం దంతవైద్యులతో పాటు మరి రెండు వర్గాలకు రిజిస్టరు ఏర్పరచింది. ఒకటి డెంటల్ హైజీనిస్టు. అనగా గార తీసి, చిగుళ్ల శుభ్రత చూసే వ్యక్తి. రెండవది డెంటల్ మెకానిక్. కట్టుడు పళ్లు, పళ్లు కదలకుండా పెట్టే పరికరాలు వంటివి ప్రయోగశాలలో తయారుచేసే వ్యక్తి. రెండింటికీ సైన్సుతో పన్నెండవ తరగతి, అనగా కర్ణాటకలో పి.యు.సి., తరువాత రెండేళ్ల డిప్లొమా అవసరం. ఈ డిప్లొమా పూర్తి చేసినవారి పేరు రాష్ట్ర దంతవైద్య మండలి రిజిస్టరులో ఎక్కుతుంది. ఒక రాష్ట్రంలో పేరు నమోదై, సరిహద్దు దాటి మరొక రాష్ట్రంలో పని చేయదలచినవారు ఆ నమోదు విషయం ముందే అక్కడి మండలిలో సరిచూచుకోవాలి. కుర్చీ పక్కన నిలబడే సహాయకులకు మాత్రం ఈ చట్టంలో ప్రత్యేక రిజిస్టరు లేదు. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ జాబితాలో డెంటల్ అసిస్టెంట్ శిక్షణ ఉన్నది. అది నైపుణ్యానికి సాక్ష్యం. వృత్తి చేసే అనుమతితో దానిని పొరబడరాదు.

కనుక నా సలహా సైన్సు చదివే పిల్లలకు ఒకటి, చదవని పిల్లలకు మరొకటి. పి.యు.సి.లో జీవశాస్త్రం చదివిన పిల్లకు ఆరు నెలల పత్రం వద్దు. రెండేళ్ల డిప్లొమా వైపు చూడాలి. పదవ తరగతితో చదువు ఆగిన పిల్లకు ఎటువంటి రుసుమూ కట్టించకుండా, దగ్గరి పట్టణంలో మంచి పేరున్న దంతవైద్యుని వద్ద పనిలో చేర్చి నేర్పించడమే మేలు. ఈ పనిని మన దేశంలో అత్యధికులు నేర్చుకున్నది అలాగే. నా వద్ద చదువుకున్న ఒక అమ్మాయి తాలూకా కేంద్రంలోని పళ్ల డాక్టరు వద్ద రోజుకు ఐదు గంటల పనికి చేరి, సాయంత్రాలు చదివి పి.యు.సి. పూర్తి చేసింది. జీతం నుండే పుస్తకాలు కొనుక్కుంది. ఆ తరువాత డిప్లొమాలో చేరినప్పుడు, తోటి విద్యార్థులు పేర్లు బట్టీ పడుతున్న పనిముట్లన్నీ ఆమె చేతికి అప్పటికే అలవాటైనవే. ఈ దారిలో అప్పు లేదు. అయితే అటువంటి యజమాని దొరకడం కూడా అదృష్టమే అని ఒప్పుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగాల మాటేమిటి? 2014-15లో కేంద్రం ప్రారంభించిన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల దంత విభాగాలకు వైద్యుడు, హైజీనిస్టు, సహాయకుడు అనే ముగ్గురి నియామకానికి రాష్ట్రాలకు ఆర్థిక సాయం ఉంటుంది. అవి కాంట్రాక్టు కొలువులు. శాశ్వత పోస్టులు ఎంత అరుదో తెలుసుకోవడానికి రైల్వే వారి 2024 నాటి పారామెడికల్ ప్రకటన చూస్తే చాలు. మొత్తం 1,376 పోస్టులలో నర్సింగు సూపరింటెండెంట్లు 713, ఫార్మసిస్టులు 246, ల్యాబ్ అసిస్టెంట్లు 94, రేడియోగ్రాఫర్లు 64. డెంటల్ హైజీనిస్టులు మూడు. దేశమంతటికీ మూడు! అదే రెండు మూడేళ్లు, అంతే శ్రమ, ఇంచుమించు అంతే ఖర్చు పెట్టగల కుటుంబం, సర్కారు కొలువే లక్ష్యమైనప్పుడు, ఏ తలుపు వెడల్పుగా ఉందో చూచుకుని వెళ్లడం వివేకం. పళ్ల వైద్యంపై నిజమైన ఆసక్తి గల పిల్లను ఆపమని చెప్పడం నా ఉద్దేశం కాదు.

బళ్లారి, విజయనగర, రాయచూరు, కొప్పళ, కలబురగి, యాదగిరి, బీదర్ జిల్లాల తెలుగు కుటుంబాలకు ఒక సదుపాయం ఉంది. 2012లో జరిగిన 98వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 371-జె అధికరణం కింద ఈ ప్రాంతపు వారికి విద్యాసంస్థల సీట్లలోను, రాష్ట్ర ఉద్యోగాలలోను ప్రత్యేక వాటా లభిస్తుంది. ఇంట ఏ భాష మాట్లాడతారన్నది అక్కడ అడగరు. స్థానికతే ఆధారం. అయినా ఆ ధ్రువపత్రం వేళకు తీసుకోని కారణంగా సీటు చేజార్చుకునే పిల్లలున్నారు. సరిహద్దుకు అవతల బంధువుల ఇంట ఉంచి చదివించే తల్లిదండ్రులు కూడా జాగ్రత్త పడాలి. వృత్తి విద్యా సీట్లకు కర్ణాటకలో సాధారణంగా ఏడేళ్లు ఇక్కడే చదివి ఉండాలని, ఆంధ్రప్రదేశ్‌లో అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలని స్థానికత లెక్కలు ఉంటాయి. అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు చదివిన పిల్ల ఎటూ స్థానికురాలు కాకుండా పోయే ప్రమాదం ఉంది.

చిన్న వైద్యశాల, చిన్న రక్షణ

జీతం కన్న ముఖ్యమైన విషయం ఒకటి మన ఇళ్లలో అడగరు. ఇ.ఎస్.ఐ. సాధారణంగా పదిమంది, భవిష్యనిధి ఇరవైమంది పనివారున్న సంస్థలకు వర్తిస్తుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలోనూ ఈ సంఖ్యలు మారలేదు. ఒక వైద్యుడు, ఇద్దరు సహాయకులు ఉన్న తాలూకా వైద్యశాల ఈ రెండింటి పరిధిలోకీ రాదు. పదేళ్లు పని చేసినా చేతిలో నిధి ఉండదు. జబ్బు చేస్తే జీతం ఉండదు. ఈ ఒక్క కారణం చేతనే, జీతం కొంత తక్కువైనా దంతవైద్య కళాశాల ఆసుపత్రిలోనో, పెద్ద ఆసుపత్రి దంత విభాగంలోనో కొలువు దొరికితే దానికే ప్రాధాన్యం ఇవ్వాలంటాను. కనీస వేతనం మాత్రం ఎంత చిన్న సంస్థకైనా తప్పదు. తాలూకా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే ఆ పట్టిక చూపుతారు.

సూది గుచ్చుకోవడం, రక్తం తగలడం ఈ పనిలో నిత్య ప్రమాదాలు. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు వైద్యశాల యజమానిపై స్పష్టమైన బాధ్యతలు పెట్టాయి. వ్యర్థాలను ముట్టే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పనిలో చేరినప్పుడు, ఆ తరువాత కనీసం ఏడాదికి ఒకసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. సూదులు, తీగ ముక్కలు గుచ్చుకోని తెల్లని డబ్బాలోనే వేయాలి. ఇద్దరు పని చేసే చోటనైనా ఇది వర్తిస్తుంది. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు ఆరు నెలలలో పూర్తవుతాయి. కొలువులో చేరిన వారమే తొలి మోతాదు అడగడానికి మొహమాటపడరాదు.

ఆడపిల్లలను పంపే ఇళ్లలో మరొక భయం ఉంటుంది. దానిని పైకి చెప్పరు. తలుపు మూసిన చిన్న గది, రాత్రి ఎనిమిది వరకు పని, చివరి బస్సు. పదిమంది పైబడిన సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అంతకన్న చిన్న వైద్యశాలలో పని చేసే స్త్రీలకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు నేరుగా అక్కడ ఇవ్వవచ్చు. పిల్లను మాన్పించి ఇంట కూర్చోబెట్టడం ఒక్కటే దారి అని తల్లిదండ్రులు అనుకోనవసరం లేదు. చేరే ముందే పని వేళలు, చివరి బస్సు వేళ కలిపి మాట్లాడుకోవడం, వైద్యశాలలో మరొక స్త్రీ పనిలో ఉందా అని చూడడం తండ్రి చేయదగిన పనులు.

విదేశం అనే మాట

ప్రకటనలలోని విదేశీ జీతం ఎక్కడిదో వెతికితే అది అమెరికా లెక్క అని తేలుతుంది. అక్కడి కార్మిక గణాంక శాఖ ప్రకారం 2023 మే నాటికి డెంటల్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 46,540 డాలర్లు. 2023 నుండి 2033 వరకు ఆ కొలువులు 8 శాతం పెరుగుతాయని ఆ శాఖ అంచనా వేసింది. డెంటల్ అసిస్టింగ్ నేషనల్ బోర్డు అనే సంస్థ ఆర్థోడాంటిక్ సహాయకులకు ప్రత్యేక ధ్రువీకరణ పరీక్ష కూడా నిర్వహిస్తుంది. ఇదంతా నిజం. కాని అది అక్కడ నివసించే హక్కు ఉన్నవారికి సంబంధించిన నిజం. మన తెలుగువారు సాఫ్ట్‌వేర్ కొలువులకు వెళ్లే హెచ్-1బి వీసాకు కనీసం డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తి కావాలి. సహాయకుల పని ఆ కోవలోకి రాదు. అక్కడి డాలర్లను రూపాయలలోకి మార్చి ఇక్కడి పిల్లకు చూపించడం ఆశ పెట్టడమే అవుతుంది.

గల్ఫ్ దేశాలకు అవకాశం కొంత ఉంది. అక్కడి ఆరోగ్య శాఖలు లైసెన్సు ఇచ్చే ముందు, పత్రం ఇచ్చిన సంస్థకే రాసి సరిచూస్తాయి. 'డేటాఫ్లో' అని మన నర్సులు చెప్పేది ఆ తనిఖీనే. రెండు గదులలో నడిచి, మరుసటి ఏడు బోర్డు మార్చే కేంద్రం ఇచ్చిన పత్రం ఆ తనిఖీకి నిలవడం కష్టం.

రెండు భాషల విలువ

సరిహద్దు పట్టణపు వైద్యశాలలో ఒక్క పూట కూర్చుని వింటే తెలుగు, కన్నడం, ఉర్దూ, లంబాడీ మాటలు కలగలిసి వినిపిస్తాయి. వైద్యుడు దావణగెరె నుండో, మంగళూరు నుండో వచ్చినవాడైతే సగంమంది రోగుల గోడు అతనికి అందదు. 'పన్ను జివ్వుమంటోంది', 'సలుపుతోంది', 'పులిసినట్టుంది' అనే మూడు మాటలు మూడు వేర్వేరు బాధలు. వాటిని విడదీసి కన్నడంలో వైద్యునికి చెప్పగల మనిషి ఆ గదిలో అవసరం. ఆదివారం నాడు తీగ బయటికి పొడుచుకొచ్చి బుగ్గ గీరుకుందని పిల్ల తల్లి ఫోను చేసినప్పుడు, మైనం ఎలా అద్దాలో ఆమె భాషలో ఓపికగా చెప్పగలిగినవారిని ఏ యజమానీ తేలికగా వదులుకోడు. మన పిల్లలు జీతం మాట్లాడుకునేటప్పుడు ఈ అర్హతను చెప్పుకోరు. అది అందరికీ వచ్చేదే కదా అనుకుంటారు. అందరికీ రాదు. అయితే కన్నడం మాట్లాడడంతో సరిపోదు. చదవడం, రాయడం కూడా రావాలి. రాష్ట్ర ప్రభుత్వ కొలువులకు అది ఎలాగూ తప్పనిసరి. రికార్డులకు కొద్దిపాటి ఇంగ్లీషు కావాలి. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ రెండూ వేసవి సెలవులలో నేర్పించడానికి అయ్యే ఖర్చు గోడ కాగితం వారి రుసుములో చిన్న భాగం.

రాబోయే మార్పు ఒకటి గమనించదగ్గది. 1948 చట్టం స్థానంలోకి తేవడానికి పార్లమెంటు 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. వైద్యులతో పాటు దంతవైద్య సహాయక వృత్తుల వారికి కూడా జాతీయ రిజిస్టరు ఉండాలని అందులో ఉంది. కుర్చీ పక్కన ఏళ్ల తరబడి పని చేసినవారి అనుభవాన్ని ఆ రిజిస్టరు లెక్కలోకి తీసుకుంటుందా, లేక కొత్తగా పత్రం కొనుక్కొచ్చినవారే అర్హులవుతారా అన్నది నియమాల రూపకల్పనపై ఆధారపడి ఉంటుంది. అనుభవాన్ని లెక్కించాలన్నది న్యాయమైన కోరిక. అందుకే ఇప్పుడు పనిలో ఉన్న పిల్లలు తాము ఏ తేదీన చేరారో, ఏ వైద్యుని వద్ద, ఏ పనులు చేస్తున్నారో వైద్యశాల లెటర్‌హెడ్ మీద ఆ వైద్యుని రిజిస్ట్రేషను నంబరుతో సహా రాయించుకుని, జీతం నగదుగా కాక బ్యాంకు ఖాతా ద్వారా తీసుకుంటూ, ఆ కాగితాలను మార్కుల జాబితాతో పాటు ఒకే సంచిలో భద్రపరచుకోవాలి.